చిన్న బ్రాండ్ కెమెరా కొనొచ్చా? సెకండ్ హ్యాండ్ పెంటాక్స్ కే-70 తీసుకునేముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా: తెలిసినవాళ్లు పెంటాక్స్ కే-70 బాడీ, డీఏ 18-135 జూమ్, పాత ఎం సిరీస్ 50ఎంఎం ఎఫ్/1.7 లెన్స్ కలిపి చవకగా ఇస్తామంటున్నారు. ఇంట్లోవాళ్లేమో "ఆ కంపెనీ పేరే వినలేదు, రేపు చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, పెద్ద బ్రాండ్ మిర్రర్‌లెస్ తీసుకో" అంటున్నారు. తీసుకోవచ్చా, నాలుగైదేళ్లు నడుస్తుందా?

తీసుకోవచ్చండీ, కానీ కింద చెప్పిన అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పరీక్షలో ఆ బాడీ నెగ్గితేనే. నెగ్గకపోతే బాడీకి విలువ లేనట్టే లెక్కగట్టి, లెన్సుల ధర మాత్రమే మాట్లాడండి. ఇంకో షరతు కూడా ఉంది. మీరు తీయబోయేది ప్రధానంగా వీడియో అయినా, పరుగెత్తే ఆటగాళ్లు, ఎగిరే పక్షులైనా ఈ సిస్టమ్ మీకు సరిపడదు. కే-70లో ఆటోఫోకస్ పాయింట్లు 11, అందులో 9 క్రాస్ టైపు (అడ్డ గీతలనూ నిలువు గీతలనూ రెండిటినీ పట్టేవి). నిలకడగా ఉన్న మనిషికి, ప్రకృతి దృశ్యాలకు, క్లోజప్‌కు అవి చాలు. మీ మీదికి పరుగెత్తుకొచ్చే పిల్లవాడిని వెంటాడాలంటే చాలవు. బ్రాండ్ మీద అభిమానంతో ఈ విషయాన్ని కప్పిపుచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట వినకండి.

ఇక మీ ఇంట్లోవాళ్ల భయం గురించి. అది సరైన భయమే, కానీ అడగాల్సిన ప్రశ్న "కంపెనీ పెద్దదా చిన్నదా" అన్నది కాదు. "కంపెనీ రేపు కెమెరాలు మానేస్తే నా చేతిలో పనికొచ్చేది ఏం మిగులుతుంది" అన్నది. పెద్ద పేరున్నంత మాత్రాన భరోసా లేదు. నికాన్ 1 సిస్టమ్ 2011లో వచ్చింది, 2018లో ఆపేశారు. శామ్‌సంగ్ ఎన్ఎక్స్ 2010లో మొదలై, 2014లో ఎన్ఎక్స్1 లాంటి గట్టి బాడీని కూడా ఇచ్చి, ఆ తర్వాత కొద్దికాలానికే మాయమైంది. ఆ ఎన్ఎక్స్ లెన్సుల్లో ఫోకసూ అపర్చరూ రెండూ కరెంటు మీదే కదులుతాయి కాబట్టి, మామూలు అడాప్టర్‌తో ఇంకో బాడీకి తగిలిస్తే ఏదీ కదలదు. పెంటాక్స్ కే మౌంట్ (లెన్స్‌ను బాడీకి బిగించే అమరిక) 1975 నాటిది. ఈలోగా కంపెనీ హోయా చేతికి వెళ్లింది, 2011లో రికో చేతికి వచ్చింది, మౌంట్ మాత్రం మారలేదు. పాత లెన్సుల్లో మీటలు, రింగులు ఉంటాయి కాబట్టి వాటికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఫైళ్లు కూడా అంతే. కెమెరాలోనే రా ఫైల్‌ను (సెన్సర్ ఇచ్చిన సమాచారం మార్పుల్లేకుండా ఉండే ఫైలు) పెంటాక్స్ సొంత పీఈఎఫ్‌గా గానీ, అందరూ చదవగల డీఎన్‌జీగా గానీ దాచుకోవచ్చు. తీసుకున్న రోజే మెనూలో డీఎన్‌జీ పెట్టేయండి. చిన్న బ్రాండు బాడీలకు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆలస్యంగా మద్దతు ఇచ్చే సమస్య దాంతో చాలావరకు తీరిపోతుంది.

అలాగని కే మౌంట్ అంతా ఒక్కటే అనుకుని కొనకండి. చిన్న బ్రాండు కొన్నవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. "1975 నుంచి అన్ని లెన్సులూ పడతాయి" అన్న మాట నిజం. పట్టినవన్నీ ఒకేలా పనిచేస్తాయన్నది నిజం కాదు. లెన్స్ మీద రాసిన అక్షరాలే చూసుకోవాలి. ఉత్త "ఎస్‌ఎంసీ పెంటాక్స్" అని గానీ, "పెంటాక్స్-ఎం" అని గానీ ఉంటే అందులో విద్యుత్ కాంటాక్టులు ఉండవు, అపర్చర్ రింగు మీద ఏ అనే గుర్తు ఉండదు. "పెంటాక్స్-ఏ" 1983 నుంచి వచ్చింది. రింగును ఏ గుర్తు దగ్గర పెడితే బాడీ నుంచే అపర్చర్ మార్చుకోవచ్చు, ఫోకస్ మాత్రం చేత్తోనే. ఎఫ్, ఎఫ్ఏ లెన్సులకు ఆటోఫోకస్ ఉంది. మోటారు బాడీలో ఉంటుంది, మౌంట్ మీద కనిపించే స్క్రూ లాంటి కడ్డీ లెన్స్‌ను తిప్పుతుంది. చప్పుడు చేస్తుంది, కానీ ఏళ్ల తరబడి నడుస్తుంది. డీఏ అంటే ఏపీఎస్-సీ సెన్సర్ (కే-70లో ఉన్న, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కోసం చేసినవి, రింగు ఉండదు. డీ ఎఫ్ఏ ఫుల్ ఫ్రేమ్‌కు (35ఎంఎం ఫిల్మంత సెన్సర్‌కు) సరిపోయేవి.

కే మౌంట్ రకాల్లో అన్నిటికంటే కొత్తది కేఏఎఫ్4. ఇందులో అపర్చర్‌ను మీట కదపదు, లెన్స్ లోపలి విద్యుత్ వ్యవస్థ కదుపుతుంది. 2016లో వచ్చిన డీఏ 55-300 పీఎల్ఎం దీనికి మొదటి ఉదాహరణ. డీ ఎఫ్ఏ★ 50 ఎఫ్/1.4, డీ ఎఫ్ఏ★ 85 ఎఫ్/1.4, కొత్త డీఏ★ 16-50 పీఎల్ఎం కూడా ఈ రకమే. కే-70, కేపీ, కే-1, కే-3 మార్క్ 3 వీటిని నేరుగా నడుపుతాయి. కే-3, కే-3 II, కే-ఎస్1, కే-ఎస్2 అయితే ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఎక్కించాకే నడుపుతాయి. కే-5, కే-30, కే-50 లాంటి పాత బాడీల మీద అపర్చర్ మీ అదుపులో ఉండదు. మీ బాడీ కే-70 కాబట్టి ఇబ్బంది లేదు. రేపు రెండో బాడీగా చవకగా కే-5 కొంటే మాత్రం ఈ సంగతి గుర్తుండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. కే-30, కే-50, కే-500, కే-ఎస్1, కే-ఎస్2, కే-70 బాడీలకు ఒక తెలిసిన జబ్బు ఉంది. అద్దం పెట్టె పక్కన బాడీలో ఒక చిన్న మీట ఉంటుంది. లెన్స్ వెనకున్న మీటను అది పట్టుకుని, అపర్చర్‌ను చిన్నదీ పెద్దదీ చేసే పల్చటి రేకులను, అంటే బ్లేడ్లను, పూర్తిగా తెరిచి ఉంచుతుంది. షట్టర్ నొక్కగానే ఆ మీట జారుతుంది, బ్లేడ్లు మూసుకోవడం మొదలవుతుంది. మీరు పెట్టిన ఎఫ్ నంబరు (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) రాగానే ఒక సోలనాయిడ్ (కరెంటుతో కదిలే చిన్న అయస్కాంత భాగం) దాన్ని అక్కడే ఆపేయాలి. సోలనాయిడ్ మొండికేస్తే మీట చివరిదాకా పోతుంది. మీరు ఎఫ్/5.6 అడిగితే ఫోటో ఎఫ్/22 దగ్గర పడుతుంది, అంటే నాలుగు స్టాపుల చీకటి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). ఫోటో దాదాపు నల్లగా వస్తుంది. కే-3, కే-1 వరుసల్లో ఈ గొడవ వినపడదు.

పరీక్ష ఇలా చేయండి.

1. కెమెరాను ముందురోజు రాత్రి నుంచి ముట్టుకోవద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. ఈ లోపం ఎక్కువగా కెమెరా ఊరికే పడి ఉన్న తర్వాత మొదటి కొన్ని షాట్లలోనే బయటపడుతుంది. మీరు వెళ్లేసరికే ఎవరైనా ఇరవై ఫోటోలు తీసి ఉంటే ఆ రోజు పరీక్ష లెక్కలోకి రాదు.

2. 18-135 తగిలించి 18ఎంఎం దగ్గర పెట్టండి. మోడ్ ఏవీ, ఐఎస్ఓ 400 (ఆటో వద్దు), ఫ్లాష్ మూసి ఉండాలి. వెలుతురు మారని గదిలో ఒక గోడను ఎంచుకోండి.

3. లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ తీయడం) వాడకుండా, కంటితో వ్యూఫైండర్‌లో చూస్తూ ఎఫ్/3.5 దగ్గర పది ఫోటోలు తీయండి. తర్వాత ఎఫ్/5.6 దగ్గర పది, ఎఫ్/8 దగ్గర పది. ఏవీ మోడ్‌లో షట్టర్ వేగం తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి ముప్పై ఫోటోలూ ఒకే వెలుగుతో రావాలి. ఒక్కటి గణనీయంగా నల్లబడినా లోపం ఉన్నట్టే.

4. ఒక అరగంట ఆపి, మళ్లీ ఎఫ్/5.6 దగ్గర పది తీయండి. ఆ తర్వాత లైవ్ వ్యూలో కూడా కొన్ని తీయండి.

ఫోటో నల్లగా వచ్చినంత మాత్రాన వెంటనే సోలనాయిడ్ అని తేల్చేయకండి. అదే షాట్‌ను మీటతో నడిచే డీఏ, ఎఫ్ఏ లాంటి ఇంకో లెన్స్ (కేఏఎఫ్4 కానిది) దొరికితే దానితోనూ తీసి చూడండి. ఒక్క లెన్స్‌తోనే వస్తే ఆ లెన్స్ బ్లేడ్లు జిడ్డుపట్టి ఉండొచ్చు. అన్నిటితోనూ వస్తే బాడీదే తప్పు. ఇక "మొదటి రెండు మూడే అలా వస్తాయి, వేడెక్కాక సర్దుకుంటుంది" అని ఎవరైనా అంటే, అది జబ్బు మొదటి దశ అని అర్థం. తగ్గదు, పెరుగుతుంది.

మరి జబ్బున్న బాడీతో ఏమీ చేయలేమా అంటే, చేయొచ్చు. ఇక్కడే మౌంట్ గురించి తెలిసుండటం అక్కరకు వస్తుంది. కేఏఎఫ్4 లెన్సులు ఆ మీటను అసలు వాడవు కాబట్టి 55-300 పీఎల్ఎం తగిలిస్తే అదే బాడీ మామూలుగా పనిచేస్తుంది. రింగున్న లెన్సులతోనూ దారి ఉంది. రింగును ఏ గుర్తు నుంచి తీసి ఎఫ్/5.6 దగ్గర పెడితే, బాడీ మీట చివరిదాకా పోయినా బ్లేడ్లు రింగు పెట్టిన చోటే ఆగుతాయి. రింగు లేని, మీటతో నడిచే డీఏ లెన్సులే ఇరుక్కుపోతాయి. మీ 18-135 ఆ రకానిదే, అందుకే ఈ పరీక్ష మీద ఇంత పట్టు పడుతున్నాను.

మరమ్మత్తు విషయానికొస్తే, ఇంట్లో విప్పి సోలనాయిడ్ మార్చుకునేవాళ్లు ఉన్నారు. పాత మోడల్ బాడీల నుంచి తీసిన సోలనాయిడ్‌ను రెండు తీగలు సోల్డరింగ్ చేసి పెడతారు. ప్లంజర్ కొనలను సన్నటి ఆకురాయితో కాస్త అరగదీసి అయస్కాంతపు పట్టు తగ్గించేవాళ్లూ ఉన్నారు. మొదటి పద్ధతి నయం. రెండోది ఎంత అరగదీయాలో చెప్పడం కష్టం, ఎక్కువైతే వెనక్కి రాదు. ఏది చేసినా, పైకి లేచే ఫ్లాష్ ఉన్న బాడీ ఇది. లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉంటాయి, బ్యాటరీ తీసేసినా ఉంటాయి. దాన్ని సురక్షితంగా ఖాళీ చేయడం రానివాళ్లు స్క్రూ కూడా ముట్టుకోవద్దు. అధికారిక సర్వీసు చాలా చోట్ల దిగుమతిదారు ద్వారానే నడుస్తుంది, బాడీ దూరం వెళ్లి వారాల తరబడి ఆలస్యమవుతుంది. ఈ తరగతి బాడీకి ఆ ఖర్చు పెట్టేకంటే ఇంకో బాడీ చూసుకోవడమే మేలు అన్నది నా అభిప్రాయం.

బాడీలో మిగతా తనిఖీలు త్వరగా అయిపోతాయి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో తెలియాలంటే తాజాగా తీసిన ఒక డీఎన్‌జీ ఫైల్‌ను కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో తెరవండి, షట్టర్ కౌంట్ కనిపిస్తుంది. కే-70 షట్టర్‌కు కంపెనీ చెప్పిన ఆయుష్షు 1,00,000. పోలిక కోసం చెబుతున్నాను, కే-3కి 2,00,000, కే-1కి 3,00,000. కెమెరా ఆపి ఊపితే లోపల ఏదో కదిలిన చప్పుడు వస్తే కంగారుపడకండి. చేతి వణుకును సర్దే వ్యవస్థ సెన్సర్‌నే కదుపుతుంది, కరెంటు లేనప్పుడు అది వదులుగా ఉంటుంది. అది పనిచేస్తుందో లేదో చూడాలంటే 135ఎంఎం దగ్గర 1/15 సెకనుతో ఆన్ చేసి పది, ఆఫ్ చేసి పది తీసి పోల్చండి, తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. ట్రైపాడ్ మీద 2 సెకన్ల టైమర్ పెడితే అద్దం ముందే పైకి లేచి, ఈ వణుకు సర్దుబాటు కూడా దానంతటదే ఆగిపోతుంది. చాలామందికి తెలియని మంచి సౌకర్యం ఇది.

18-135 సంగతి. మోటారు లెన్స్‌లోనే ఉంది, స్క్రూ లేదు; మోటారు పోతే ఆటోఫోకస్ పోయినట్టే. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు మధ్య ఇరవైసార్లు ఫోకస్ మార్చి చూడండి, ఎక్కడా ఆగి తడబడకూడదు. మౌంట్ చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉండాలి. అది లేకపోతే తుంపరల నుంచి రక్షణ అన్నది పేరుకే. తర్వాత ఒక ఇటుక గోడకు సరిగ్గా ఎదురుగా నిలబడి ఎఫ్/5.6 దగ్గర 18, 50, 135ఎంఎంలలో ఒక్కో ఫోటో తీసి నాలుగు మూలలూ చూడండి. 135 దగ్గర అన్ని అంచులూ కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం, లోపం కాదు. ఒక పక్కనే మసకగా ఉండి ఇంకో పక్క స్పష్టంగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టు. అది వద్దు.

50ఎంఎం ఎఫ్/1.7 మూడింటిలోకీ నాకు నచ్చింది, అత్యంత గందరగోళపరిచేది కూడా అదే. ముందు తనిఖీ: వెనక మీటను వేలితో నెట్టి వదిలితే బ్లేడ్లు టక్కున కదలాలి. నెమ్మదిగా జారితే వాటి మీద గ్రీజు చేరింది. టార్చి వెలుగు ఒక పక్క నుంచి వేసి ఇంకో పక్క నుంచి చూస్తే సాలెగూడు లాంటి ఫంగస్ ఉంటే కనిపిస్తుంది.

వాడకం ఇలా. కస్టమ్ మెనూలో అపర్చర్ రింగు వాడకాన్ని అనుమతించే అంశం ఉంటుంది, దాన్ని ఆన్ చేయకపోతే షట్టర్ పడదు. మోడ్ డయల్‌ను ఎం దగ్గర పెట్టండి. రింగు మీద మీకు కావాల్సిన ఎఫ్ నంబరు పెట్టి, ఫోకస్ చేసి, పచ్చ బటన్ నొక్కండి. ఒక్క క్షణం బ్లేడ్లు మూసుకుని కెమెరా వెలుగును కొలుస్తుంది, షట్టర్ వేగం తనే పెడుతుంది. అప్పుడు ఫోటో తీయండి. వెలుగు మారితే మళ్లీ పచ్చ బటన్. ఇంత తతంగం ఎందుకంటే, రింగు ఎక్కడుందో చదివే యాంత్రిక లంకె పాత ఫిల్మ్ బాడీల్లో ఉండేది, ఈ డిజిటల్ బాడీల్లో దాన్ని తీసేశారు. అందుకే ఏవీ మోడ్‌లో ఎంత తిప్పినా ఈ లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. "ఎఫ్/8 పెట్టాను, అయినా వెనకంతా మసకగా వచ్చింది" అన్న ఫిర్యాదుకు తొంభై పాళ్లు ఇదే కారణం.

పచ్చ బటన్ కొలత అన్ని అపర్చర్ల దగ్గరా ఒకేలా నమ్మదగ్గది కాదు. ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర ఒకే దృశ్యం తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలోని వెలుగునీడల గ్రాఫ్) చూసుకుంటే మీ బాడీ ఎక్కడ ఎంత తప్పుతుందో తెలుస్తుంది, ఆ తర్వాత దాన్నిబట్టి సర్దుకోవచ్చు. స్విచ్ వేయగానే కెమెరా ఫోకల్ లెంగ్త్ అడుగుతుంది. 50 అనే ఇవ్వండి, 1.5తో గుణించి 75 ఇవ్వకండి. తప్పు అంకె ఇస్తే వణుకు సర్దుబాటు ఎక్కువైపోయి, అసలు లేకుండా తీసినదానికంటే మసకగా వస్తుంది. ఎఫ్/1.7 దగ్గర వ్యూఫైండర్ చూసి ఫోకస్ చేస్తే తప్పుతుంది, ఎందుకంటే ఇప్పటి స్క్రీన్లు అంత సన్నటి లోతును చూపించవు. లైవ్ వ్యూలో పెద్దది చేసి చూడండి, లేదా ఫోకస్ కుదిరిన అంచులను మెరిపించి చూపించే ఫోకస్ పీకింగ్ ఆన్ చేయండి. మెనూలో క్యాచ్-ఇన్ ఫోకస్ అని ఒకటి ఉంది: షట్టర్ నొక్కిపట్టి రింగు తిప్పుతూ ఉంటే ఫోకస్ కుదిరిన క్షణంలో కెమెరానే ఫోటో తీసుకుంటుంది. పూల చుట్టూ తిరిగే పురుగులకు ఇది భలే పనికొస్తుంది.

పాత లెన్సుల రుచి మరిగితే ఇంకా వెతుకుతారు, కాబట్టి రెండు హెచ్చరికలు. రికో కంపెనీ పాత "రికెనాన్ పీ" లెన్సులకు వెనక ఒక అదనపు పిన్ ఉంటుంది. ఆటోఫోకస్ బాడీకి తగిలిస్తే అది స్క్రూ రంధ్రంలో దిగబడి లెన్స్ బయటికి రాకుండా ఇరుక్కుంటుంది. ఆ పిన్ తీసేశాకే తగిలించాలి. రెండోది ఎం42 స్క్రూ లెన్సులు. వాటికీ కే మౌంట్‌కీ సెన్సర్ నుంచి దూరం ఒకటే, 45.46 మి.మీ. అందుకే మౌంట్ లోపలికి పూర్తిగా దిగిపోయే పల్చటి అడాప్టర్‌తో అనంతం దాకా ఫోకస్ కుదురుతుంది. అంచు ఉన్న చవక అడాప్టర్ లెన్స్‌ను కాస్త ముందుకు నెడుతుంది, దూరపు కొండలు ఎప్పటికీ స్పష్టంగా రావు. అలాగే కొన్ని పాత టాకుమార్ 50 ఎఫ్/1.4 లెన్సుల్లో థోరియం కలిపిన గాజు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ టీ రంగుకు తిరుగుతుంది. కొన్ని రోజులు అతినీలలోహిత వెలుగులో పెడితే చాలావరకు తేటపడుతుంది.

ఆటోఫోకస్ లెన్సులు ఇంటికి తెచ్చుకున్నాక ఫోకస్ సర్దుబాటు చేయండి. ట్రైపాడ్ మీద, ఫోకల్ లెంగ్త్‌కు 25 నుంచి 50 రెట్ల దూరంలో, పగటి వెలుతురులో, చదునైన బొమ్మ ఒకటి, దాని పక్కన ఏటవాలుగా ఒక స్కేలు. అపర్చర్ పూర్తిగా తెరిచి, ప్రతి షాట్‌కూ ముందు ఫోకస్‌ను చెడగొట్టి, ఐదారు తీయండి. తర్వాత లైవ్ వ్యూలో అదే తీసి పోల్చండి, అదే ప్రామాణికం. మెనూలో సర్దుబాటు మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా ఉంటుంది, ఒక్కో లెన్స్‌కు విడిగా గుర్తుపెట్టుకుంటుంది. రెండేసి అంకెల చొప్పున కదపండి. జూమ్‌కు ఒకే విలువ పడుతుంది కాబట్టి మీరు ఎక్కువగా వాడే కొస దగ్గర సరిచేసుకోండి. పసుపు బల్బు వెలుతురులో ఈ పని పెట్టుకోవద్దు, అంకె తప్పుగా వస్తుంది.

ఉపకరణాల్లో బ్యాటరీ ముఖ్యం. కే-70ది డి-ఎల్ఐ109, కే-30, కే-50, కేపీ కూడా అదే. కే-5, కే-3, కే-1 వరుసకు డి-ఎల్ఐ90. రెండో బాడీ కొనేటప్పుడు ఒకే బ్యాటరీ కుటుంబంలో ఉంటే ఛార్జర్లు కలిసొస్తాయి. కేబుల్ రిమోట్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. కే-5, కే-3, కే-1లకు 2.5 మి.మీ. జాక్, కానన్ ఆర్ఎస్-60ఈ3 కోసం చేసిన రిమోట్లు వాటికి సరిపోతాయి. కే-70కి మైక్ రంధ్రంలోకి వెళ్లే సీఎస్-310 కావాలి. ఫ్లాష్ ఈ బ్రాండ్‌లో బలహీనమైన చోటు. పీ-టీటీఎల్ (లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్‌ను తనే సర్దే పెంటాక్స్ పద్ధతి) తెలిసిన ఫ్లాష్‌లు తక్కువ. మధ్య పిన్ ఒక్కటే ఉన్న మాన్యువల్ ఫ్లాష్ నిక్షేపంగా పనిచేస్తుంది, సింక్ వేగం (ఫ్లాష్‌తో వాడదగ్గ అత్యధిక షట్టర్ వేగం) 1/180. ఇంకో బ్రాండ్ టీటీఎల్ పిన్‌లున్న ఫ్లాష్‌ను ఇందులో దూర్చకండి. ఫిల్మ్ కాలపు ఫ్లాష్ అయితే ముందు మల్టీమీటర్‌తో ట్రిగ్గర్ వోల్టేజి కొలవండి, కొన్నిటిలో 200 వోల్టులు దాటుతుంది, అది కెమెరాకు ప్రమాదం.

ముందు ముందు కొనాల్సిన లెన్సుల గురించి కొనకముందే ఆలోచించండి. పెద్ద బ్రాండ్‌లో అవసరం వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకోవచ్చు, ఇక్కడ కుదరదు. మీకు నిజంగా కావాల్సినవి మూడో నాలుగో కాగితం మీద రాసుకుని, అవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయో లేదో రెండు వారాలు గమనించండి. దొరకనిది మీకు తప్పనిసరి అయితే ఈ బేరం వదిలేయండి. సిగ్మా, టామ్రాన్ కే మౌంట్ కోసం చేయడం మానేశాయి, ఉన్నవి పాతవే. చవకలో డీఏ 35 ఎఫ్/2.4, డీఏ 50 ఎఫ్/1.8 కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రెండూ స్క్రూతో నడిచేవి, చెడటానికి పెద్దగా ఏమీ లేదు. దూరానికి 55-300 పీఎల్ఎం. పైన చెప్పిన జబ్బు నుంచి కూడా అది మీకు బీమా. పాత డీఏ★ 16-50, డీఏ★ 50-135 అందంగా ఉంటాయి, వాటి ఎస్‌డీఎం మోటార్లు మాత్రం వాడకుండా పెడితే బిగుసుకుపోతాయని పేరు. వాటిలో స్క్రూ కూడా ఉంది కాబట్టి మోటారు పోయాక స్క్రూతో నడిచేలా మార్పించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ మార్పు కెమెరా డీబగ్ మోడ్ ద్వారా లెన్స్‌లోని డేటాను తిరగరాయడమే, కాబట్టి చేసి చూపినవాళ్ల చేతే చేయించండి. మోటారు ఆగిన లెన్స్‌ను ఆ లెక్కన చవకగా అడగొచ్చు.

అమ్ముకోవాల్సి వస్తే? రింగున్న లెన్సులకే గిరాకీ నిలుస్తుంది. మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సర్ నుంచి మౌంట్ దూరం 16 నుంచి 20 మి.మీ. మధ్యే ఉంటుంది, సోనీ ఈకి 18, నికాన్ జెడ్‌కు 16, కానన్ ఆర్ఎఫ్‌కు 20. కే లెన్స్‌కు 45.46 కావాలి కాబట్టి మధ్యలో ఉత్త గొట్టం లాంటి అడాప్టర్ చాలు, అందుకే మీ 50 ఎఫ్/1.7ను ఏ బ్రాండ్‌వాడైనా కొంటాడు. రింగు లేని డీఏ లెన్స్‌కు మీటను కదిపే అడాప్టర్ కావాలి, దాని మీద ఎఫ్ నంబర్లు ఉండవు, అంచనా మీద తిప్పాలి. కేఏఎఫ్4 లెన్స్‌కు సాదా అడాప్టర్ అసలు పనికిరాదు. నికాన్ ఎఫ్ డీఎస్ఎల్ఆర్ మీదికి తెద్దామనుకుంటే దాని దూరం 46.5, కే కంటే ఎక్కువ, అనంతం దాకా ఫోకస్ కుదరదు.

బేరం కుదిరితే మొదటి పని, బ్యాటరీ నిండుగా పెట్టి ఫర్మ్‌వేర్ చూడటం. మెనూ బటన్ నొక్కిపట్టి స్విచ్ వేస్తే వెర్షన్ కనిపిస్తుంది. కొత్తది ఉంటే కెమెరాలోనే ఫార్మాట్ చేసిన కార్డులో, ఏ ఫోల్డరులోనూ కాకుండా నేరుగా ఫైలు పెట్టి మళ్లీ అలాగే ఆన్ చేయండి. మధ్యలో ఆపొద్దు. అది అయ్యాక, వాడినా వాడకపోయినా మొదటి నెలంతా ఉదయాన్నే ఎఫ్/5.6 దగ్గర ఐదు ఫోటోలు తీసి చూడండి. సోలనాయిడ్‌కు జబ్బు ఉంటే అమ్మినవాళ్లతో మాట్లాడే వీలుండగానే బయటపడుతుంది.